బ్రేకు బూస్టర్ రీకాల్: రెండో ఓనరుకు వర్తించదంటున్నారు. కొత్త గొట్టం వచ్చేదాకా బండి తీయవచ్చా?

ప్రశ్న (కావలి నుంచి, రెండో ఓనరు)

అందరికీ నమస్కారం. మాది కావలి. రెండేళ్ల కిందట ఒంగోలులో ఒక ఆటో కన్సల్టెన్సీ ద్వారా 2021లో తయారైన ఏడు సీట్ల డీజిల్ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆర్.సి. నా పేరిట మారింది, ఇన్సూరెన్సు కూడా మార్పించుకున్నాను. మా అమ్మగారిని పదిహేను రోజులకొకసారి నెల్లూరులో ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి, పండగలకు పొదిలిలో మా అక్కగారింటికి వెళ్లి రావడానికి ఆ బండినే వాడుకుంటున్నాము. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ పెట్టలేదు.

కిందటి నెల ఒక ఉదయం అమ్మగారితో నెల్లూరు వెళ్తుండగా, కొడవలూరు దాటాక, ముందు పోతున్న రొయ్యల లారీ ఒక్కసారిగా వేగం తగ్గించింది. ఆ లారీల నుంచి ఐసు నీళ్లు కారి రోడ్డు తడిసి ఉంటుందని తెలుసు కనుక నేను ముందునుంచీ కొంత ఎడం ఉంచుకునే నడుపుతున్నాను. బ్రేకు తొక్కితే పెడల్ దిగలేదు. రాతి మీద కాలు మోపినట్టయింది. రెండు కాళ్లతో బలమంతా పెట్టి తొక్కుతూ, గేరు తగ్గించుకుంటూ వస్తే బండి ఆ లారీకి బారెడు దూరంలో ఆగింది. అమ్మగారి ఒళ్లోని రిపోర్టుల కవరు జారి సీటు కింద పడిపోయింది. బండిని పక్కకు తీసి, అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ స్టార్టు చేసి చూస్తే పెడల్ ఎప్పటిలాగే మెత్తగా దిగింది.

ఇంతకుముందు ఇలా ఎప్పుడైనా జరిగిందేమో అడుగుదామని మొదటి ఓనరు గారికి ఫోను చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, నాలుగు నెలల కిందట కంపెనీ నుంచి ఒక రీకాల్ మెసేజీ (లోపమున్న బండ్లను బాగుచేయడానికి వెనక్కి పిలిచేది) వచ్చిందనీ, బండి అమ్మేశాను కదా అని పట్టించుకోలేదనీ చెప్పి, దానిని నాకు పంపించారు. ఇంజను నుంచి బ్రేకు బూస్టరుకు వెళ్లే వాక్యూమ్ గొట్టం కొన్ని బండ్లలో పగిలే అవకాశం ఉందనీ, అలా జరిగితే బ్రేకు తొక్కడానికి ఎక్కువ బలం అవసరమవుతుందనీ, దగ్గరలోని సర్వీసు సెంటరులో చూపించుకోవాలనీ అందులో ఉంది.

నెల్లూరులో ఆ కంపెనీ షోరూముకు వెళితే, మా రికార్డులో మీ పేరు లేదు, వారంటీ కూడా అయిపోయింది, కాబట్టి ఖర్చు మీరే పెట్టుకోవాలి అన్నారు. పైగా ఆ గొట్టం స్టాకులో లేదనీ, మూడు వారాలు పడుతుందనీ, అంతవరకు నిదానంగా నడుపుకోవచ్చనీ చెప్పారు. రీకాల్ బండికి వర్తిస్తుందా, మొదట కొన్న మనిషికి వర్తిస్తుందా? ఈ మూడు వారాలు అమ్మగారిని ఆ బండిలో తీసుకువెళ్లవచ్చా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (ఉలవపాడు)

కావలి గారూ, మీరు క్షేమంగా బయటపడినందుకు సంతోషం. మా బావమరిది బండికి కూడా ఒకసారి ఇలాగే పెడల్ గట్టిపడితే, మా ఊరి షెడ్డులో బయటి గొట్టం ఒకటి కోసి బిగించారు, ఏడాదిగా బాగానే తిరుగుతోంది. షోరూము వారు మూడు వారాలు అంటే అయిదు వారాలు పడుతుంది. అంతవరకు మీరు కూడా అలా చేయించుకుని, నలభై దాటకుండా, హైవే మీదికి వెళ్లకుండా నడుపుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

జవాబు 2 (ఒంగోలు, మెకానిక్ షెడ్డు)

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఉలవపాడు వారు మంచి మనసుతోనే చెప్పారు, అయినా ఆ సలహాతో నేను ఏకీభవించలేను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

పెడల్ మీద మన కాలు పెట్టే బలం ఒక్కటే అంత బరువైన బండిని ఆపదు. పెడల్‌కూ, బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండరుకూ మధ్య గుండ్రని రేకు డబ్బాలాంటిది ఉంటుంది, అదే బూస్టర్. దాని లోపల ఒక రబ్బరు పొర డబ్బాను రెండు గదులుగా విడదీస్తుంది. పెట్రోలు బండి అయితే ఇంజను గాలి పీల్చుకునే మార్గం నుంచి, డీజిల్ బండి అయితే ఇంజనుతో పాటు తిరిగే వాక్యూమ్ పంపు నుంచి, ఒక గొట్టం ద్వారా ఆ గదుల్లోని గాలిని లాగేస్తూ ఉంటుంది. మనం పెడల్ తొక్కగానే వెనక గదిలోకి బయటి గాలి వస్తుంది, ముందు గదిలో గాలి లేదు కనుక ఆ ఒత్తిడి రబ్బరు పొరను ముందుకు నెట్టి మన కాలి బలానికి తోడవుతుంది. గొట్టం పగిలితే ఈ తోడు పోతుంది. బ్రేకు పూర్తిగా పోదు, ఎందుకంటే పెడల్ నుంచి మాస్టర్ సిలిండరుకు ఇనుప కడ్డీ ఉండనే ఉంటుంది. కానీ మామూలుగా బొటనవేలితో ఆపగలిగిన బండిని ఒళ్లంతా బిగబట్టి ఆపవలసి వస్తుంది. మీకు కొడవలూరు దగ్గర జరిగింది సరిగ్గా అదే. మీరు రెండు కాళ్లతో తొక్కడం, గేరు తగ్గించడం రెండూ సరైన పనులే. అలాంటప్పుడు పెడల్ వదిలి మళ్లీ మళ్లీ పంపు కొట్టకూడదు. బూస్టరులో మిగిలిన కాస్త వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) కూడా అలా కొడితే ఖర్చయిపోతుంది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. బండిని సమతలం మీద నిలిపి, ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా అయిదారుసార్లు తొక్కండి. తర్వాత కాలు తీయకుండా తొక్కిపట్టి స్టార్టు చేయండి. బూస్టర్ సరిగా ఉంటే, ఇంజను అందుకోగానే పెడల్ కాలి కింద కొంచెం దిగుతుంది. దిగకపోతే వాక్యూమ్ అందడం లేదన్నమాట. ఇంకొకటి: ఇంజను రెండు నిమిషాలు నడిపి ఆపేసి, కాసేపు ఆగి పెడల్ తొక్కితే మొదటి రెండు మూడు తొక్కులు మెత్తగా ఉండాలి. మొదటి తొక్కుకే గట్టిగా తగిలితే గొట్టమో, దానిలోని ఒకవైపు వాల్వో (గాలిని ఒకే దిక్కుకు పోనిచ్చేది) గాలి వదిలేస్తున్నట్టు. అలాగే ఇంజను నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుంటే అది నెమ్మదిగా కిందికి జారిపోతూ ఉంటే, అది బూస్టర్ జబ్బు కాదు, మాస్టర్ సిలిండరు లోపలి సీళ్లు పోయినట్టో, ఎక్కడో బ్రేకు ఆయిల్ కారుతున్నట్టో లెక్క. దానికి ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ పరీక్షల్లో బండి నెగ్గినా సరే, మీ బండి ఒకసారి రోడ్డు మీద పెడల్ గట్టిపడిన బండి. పగులు చిన్నదిగా ఉన్నప్పుడు ఇంజను వేడికి రబ్బరు మెత్తబడి ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి మూసుకుంటుంది. అందుకే అయిదు నిమిషాలు ఆగాక మీకు మామూలుగా అనిపించింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కూడా బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. పెడల్ గట్టిగా ఉందని గ్రహించి, రెండో కాలు పెట్టేలోపు రెండు సెకన్లు గడిచిపోతాయి. కావలి బజారులో మీ ముందుకు వచ్చే పిల్లవాడికి అది హైవేనా కాదా అన్నదానితో పని లేదు. అమ్మగారిని ఆ బండిలో తీసుకువెళ్లవద్దని నా సలహా.

బయటి గొట్టం సంగతి. బూస్టరుకు వేసే గొట్టం వాక్యూమ్‌కు లోపలికి కుంగిపోకుండా, ఇంజను వేడికి, ఆయిల్ ఆవిరికి తట్టుకునేలా ప్రత్యేకంగా చేస్తారు. షెడ్డుల్లో కొందరు డీజిల్ గొట్టమో, నీళ్ల గొట్టమో కొలతకు కోసి క్లిప్పు వేస్తారు. అది కొన్నాళ్లకు లోపలికి అతుక్కుపోతుంది, అప్పుడు మళ్లీ పెడల్ రాయి అవుతుంది. చాలా గొట్టాల్లో ఒకవైపు వాల్వు కూడా కలిసే ఉంటుంది, కోసి అతికితే అది పోతుంది. నా షెడ్డుకు వచ్చినా నేను ఆ పని చేయను, కంపెనీ గొట్టమే వేయించుకోండి అంటాను. రీకాల్ చేసినప్పుడు కంపెనీ వారు సాధారణంగా మార్చిన కొత్త రకం భాగం ఇస్తారు, ఆ మేరకు మీ ఛాసిస్ నంబరు మీద పని పూర్తయినట్టు నమోదు చేస్తారు. బయట అతికించుకుంటే మీ బండి వాళ్ల లెక్కలో ఎప్పటికీ రీకాల్ చేయని బండిగానే మిగిలిపోతుంది.

షోరూముకు పంపేటప్పుడు తాడు కట్టి లాగించవద్దు. ఇంజను ఆగి ఉంటే బూస్టరుకు వాక్యూమ్ ఉండదు, వెనక బండిలో కూర్చున్నవాడికి ఎలాగూ గట్టి బ్రేకే దొరుకుతుంది, స్టీరింగు కూడా బరువెక్కుతుంది. మొత్తం బండిని పైకి ఎక్కించుకునే క్యారియర్ బండి అడగండి.

జవాబు 3 (నెల్లూరు, న్యాయవాది)

కావలి గారి మొదటి ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను. రీకాల్ లోపమున్న వాహనానికి సంబంధించినది. మీ పేరు వారి రికార్డులో లేకపోవడం వారి చిరునామా పుస్తకానికి సంబంధించిన విషయం. వారంటీకీ దీనికీ సంబంధం లేదు. వారంటీ అనేది నిర్ణీత కాలంలో వచ్చే లోపాలను బాగుచేసి ఇస్తామన్న ఒప్పందం, రీకాల్ అనేది తయారీలోనే ప్రమాదకరమైన లోపం ఉందని తయారీదారు ఒప్పుకోవడం. ఇలాంటి రీకాల్‌లలో భాగాన్ని ఉచితంగా మారుస్తామని కంపెనీలు ప్రకటనలోనే రాస్తుంటాయి. మీ దగ్గరున్న మెసేజీలోనూ, కంపెనీ వెబ్‌సైటులోనూ ఆ మాట ఉందేమో చూసి, ఉంటే అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి.

చట్టం విషయానికి వస్తే, మన దేశంలో 2012 నుంచి వాహన తయారీదారుల సంఘం సియామ్ రూపొందించిన స్వచ్ఛంద రీకాల్ నియమావళి అమలులో ఉంది. అది స్వచ్ఛందం కనుక దానికి చట్టం బలం ఉండేది కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110-ఎ అనే సెక్షను చేర్చారు. పర్యావరణానికి గానీ, డ్రైవరుకు, ప్రయాణికులకు, రోడ్డు మీద వెళ్లే ఇతరులకు గానీ హాని కలిగించగల లోపం ఒక రకం వాహనాల్లో ఉన్నట్టు తేలితే, వాటిని వెనక్కి పిలవవలసిందిగా తయారీదారును ఆదేశించే అధికారం ఆ సెక్షను కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. తయారీదారు తానే లోపాన్ని గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేసి రీకాల్ మొదలుపెట్టాలని కూడా అందులోనే ఉంది. దీని కింద రూపొందించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. తయారై ఏడేళ్లు దాటని వాహనాలకు ఇవి వర్తిస్తాయి, ప్రభుత్వం ఆదేశించి చేయించే రీకాల్‌లో వాహనాల సంఖ్యను బట్టి పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఓనర్లు తమ ఫిర్యాదును ప్రభుత్వ వెబ్‌సైటు అయిన వాహన్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. మీ ఒక్క ఫిర్యాదుతో ఏమవుతుందని అనుకోకండి. ఎంతమంది ఓనర్లు ఫిర్యాదు చేశారన్నదే ప్రభుత్వం కదలడానికి ఆధారం, కనుక కొడవలూరు దగ్గర జరిగినదాన్ని తేదీ, సమయం, మీటరు రీడింగుతో సహా తప్పకుండా అందులో రాయండి.

షోరూములో ఇకపై నోటి మాటలతో సరిపెట్టుకోవద్దు. బండిని అప్పగించి జాబ్ కార్డు (చేయవలసిన పనిని షోరూము వారు రాసిచ్చే కాగితం) రాయించండి. అందులో మీ ఛాసిస్ నంబరు, పెడల్ గట్టిపడిన సంఘటన, రీకాల్ పని కోసం తెచ్చారన్న మాట, భాగం స్టాకులో లేదన్న మాట నాలుగూ ఉండాలి. డబ్బు అడిగితే ఏ కారణంతో అడుగుతున్నారో దాని మీదనే రాసి ఇవ్వమనండి. రాసి ఇవ్వవలసి వచ్చినప్పుడు చాలామంది అడగడం మానేస్తారు, ఇది నేను చాలాసార్లు చూశాను. అదే రోజు సాయంత్రం ఆ జాబ్ కార్డు ఫొటోతో, మీ ఆర్.సి. కాపీతో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈ-మెయిల్ పెట్టండి. ఈ బండిలో ప్రయాణించడం క్షేమమేనా అని సూటిగా ప్రశ్న అడిగి, భాగం వచ్చేదాకా మరో వాహనం గానీ, ప్రయాణ ఖర్చు గానీ ఇవ్వమని కోరండి. నిదానంగా నడుపుకోవచ్చని షోరూములో ఒకరు నోటితో అన్నారు. ఆ మాట కాగితం మీద పెట్టడానికి కంపెనీ సిద్ధపడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఇంతటితో పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆ తర్వాత దారి జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులోనూ, ఒంగోలులోనూ కమిషన్ ఉంది. అయిదు లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదు, కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి, న్యాయవాది లేకుండా మీరే స్వయంగా వాదించుకోవచ్చు.

జవాబు 4 (దర్శి, ఉపాధ్యాయుడు)

రీకాల్ అంటే ఆ మోడల్ మొత్తం చెడ్డదని చాలామంది అనుకుంటారు, అందుకే అమ్మేటప్పుడు దాని మాటే ఎత్తరు. నిజానికి చాలా రీకాల్‌లు కొన్ని వారాల తయారీకి మాత్రమే పరిమితం. 2022 అక్టోబరులో మారుతి సుజుకి వ్యాగన్ ఆర్, సెలేరియో, ఇగ్నిస్ కార్లు 9,925 వెనక్కి పిలిచింది. వెనక బ్రేకు అసెంబ్లీలోని ఒక పిన్ను విరగవచ్చన్నది కారణం, అవన్నీ ఆ ఏడాది ఆగస్టు 3కూ సెప్టెంబరు 1కీ మధ్య తయారైనవి. అంటే పక్కపక్కనే నిలబడిన ఒకే రంగు కార్లలో ఒకదానికి రీకాల్ ఉండవచ్చు, రెండోదానికి ఉండకపోవచ్చు. తేల్చేది ఛాసిస్ నంబరే. ఆర్.సి. మీద ఉండే ఆ పదిహేడు అక్షరాల నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

మెసేజీలోని మాటలను కూడా శ్రద్ధగా చదవాలి. 2022లోనే మెర్సిడెస్ బెంజ్ 2004 నుంచి 2015 వరకు తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ తరగతుల బండ్లను ప్రపంచవ్యాప్తంగా సుమారు పది లక్షలు వెనక్కి పిలిచింది. అక్కడ కూడా సమస్య బ్రేకు బూస్టరే, తేమ వల్ల తుప్పు పట్టడం. అమెరికాలో ఆ బండ్ల ఓనర్లకు, తనిఖీ అయ్యేదాకా అసలు నడపవద్దని చెప్పారు. కావలి గారికి వచ్చిన మెసేజీలో చూపించుకోండి అని మాత్రమే ఉంది. లోపం బయటపడని బండికి రాసిన మాట అది. పెడల్ ఇప్పటికే ఒకసారి గట్టిపడిన బండికి అది సరిపోదు, కనుక ఒంగోలు మెకానిక్ గారు చెప్పినదే సరైనదని నేనూ అనుకుంటున్నాను.

ద్విచక్ర వాహనాలను కూడా మరవకూడదు. 2024 ఫిబ్రవరిలో యమహా, 2022 జనవరి నుంచి తయారైన రే జెడ్ఆర్, ఫాసినో స్కూటర్లను దాదాపు మూడు లక్షలు బ్రేకు లివరు పనితీరు కోసం వెనక్కి పిలిచింది. మా బడిలో టీచర్లలో సగం మంది స్కూటర్లు చేతులు మారినవే. నెల్లూరులో కొన్న స్కూటరు కందుకూరు చేరి, అక్కడి నుంచి మా దర్శికి వస్తుంది, ఫోను నంబరు మాత్రం మొదటివారిదే రికార్డులో ఉంటుంది. ఎవరు సెకండ్ హ్యాండ్ బండి కొన్నా, ఆర్.సి. మార్పించిన వారమే కంపెనీకి ఫోను చేసి తమ నంబరు ఎక్కించుకోవడం అవసరం.

మళ్లీ జవాబు (ఉలవపాడు)

మెకానిక్ గారు రాసింది చదివాక మా బావమరిది బండి బానెట్ తీసి చూశాను. బయటి గొట్టం వాల్వు దగ్గర ఒకవైపు నొక్కుకుపోయి, చదునుగా ఉంది. ఇంజను ఆపి వెంటనే తొక్కితే మొదటి తొక్కుకే గట్టిగా తగిలింది. నేను ముందు ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ బండిని రేపు ఒంగోలు తీసుకురావడానికి క్యారియర్ మాట్లాడాను.

కావలి, రెండో ఓనరు (పద్దెనిమిది రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది రాస్తున్నాను. మెకానిక్ గారు చెప్పిన మొదటి పరీక్షలో బండి నెగ్గింది, రెండో పరీక్షలో మూడుసార్లకు ఒకసారి తప్పింది. ఆ రోజు నుంచి బండి తీయలేదు. క్యారియర్ మీద నెల్లూరు పంపి, న్యాయవాది గారు చెప్పిన నాలుగు మాటలూ జాబ్ కార్డులో రాయించాను. డబ్బు ఎందుకో దాని మీదే రాసివ్వమని అడిగితే, సర్వీసు అడ్వైజరు లోపలికి వెళ్లి పది నిమిషాలకు తిరిగివచ్చి, ఇది రీకాల్ కింద ఉచితంగానే చేస్తామని చెప్పారు. కంపెనీకి ఈ-మెయిల్ పెట్టిన మూడో రోజు ఫోను వచ్చింది. నడపవచ్చని వారు రాసి ఇవ్వలేదు. అమ్మగారి ఒక ప్రయాణానికి టాక్సీ ఖర్చు ఇస్తామన్నారు, ఇచ్చారు. గొట్టం చెన్నై నుంచి తొమ్మిదో రోజున వచ్చింది.

పాత గొట్టాన్ని అడిగి తీసుకుని చూశాను. పైకి నల్లగా, కొత్తదానిలాగే ఉంది. బూస్టరు వైపు క్లిప్పు అంచు దగ్గర వంచితే గోరు వెడల్పున పగులు నోరు తెరిచింది, వదిలితే మూసుకుపోయింది. దానిని మళ్లీ వారికే ఇవ్వాలన్నారు కనుక ఫొటో తీసుకుని ఇచ్చేశాను. ఇప్పుడు ఇంజను అందుకోగానే పెడల్ కాలి కింద దిగుతోంది, నా నంబరు కూడా వారి రికార్డులో ఎక్కింది. వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా నమోదు చేశాను.

ఇంకొక విషయం ఉంది. బండి కొన్న కన్సల్టెన్సీకి వెళ్లి ఈ సంగతి చెబితే, అదే నెలలో అదే మోడల్ బండిని కనిగిరి వైపు ఒకరికి అమ్మామని పుస్తకం తీసి చూపించారు. వారి ఎదురుగానే ఆ ఛాసిస్ నంబరును కంపెనీ సైటులో కొట్టి చూస్తే రీకాల్ పని ఇంకా కాలేదని వచ్చింది. పుస్తకంలో ఉన్న ఫోను నంబరు పనిచేయడం లేదు. ఊరి పేరు మాత్రం ఉంది, కనుక ఈ ఆదివారం నేనే వెళ్లి వారికి చెప్పి వస్తాను.